ముక్కు మీద మర్యాద ఎక్కిన బోటు

జనం మొక్కు తీర్చుకోవడానికో, పెళ్లికో, చుట్టపు చూపుకో ప్రయాణం కడతారు. నేను కోపం వచ్చి కట్టాను.

శనివారం సాయంత్రం మా ఆవిడ కరుణ వంకాయలు కోస్తుంటే ఆమె తమ్ముడు సుధాకర్ ఫోన్ చేశాడు. కాగజ్‌నగర్ అవతల ఒక రిజర్వాయరులో షికారు మోటారు బోటు నడుపుతాడు. రిజర్వాయరు పేరు చెప్పను. మా బామ్మర్ది ఇంకా అక్కడే బువ్వ తింటున్నాడు.

"అక్కా, నేను తాగి నడుపుతున్ననట. బోటు ఓనర్ పటేల్ అందరి ముంగట అన్నడు. బోటు వంకర పోతుంది గదా, అందుకని. సోమవారం పొద్దున చుట్టాలను ఎక్కించుకొని పరీక్ష పెడుతడట. మల్ల వంకర పోతే పని బంద్ అంటుండు."

కరుణ కత్తిపీట పక్కకు నెట్టింది. మా అత్తగారిది తాతల నాటి నుంచి మెథడిస్టు సంఘం. సుధాకర్ ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసాన్నే కషాయం తాగినట్టు ముఖం చిట్లించి మింగే మనిషి. వాడు తాగుబోతట! ఆ మాట సంఘంలో పడితే మా అత్తమ్మ గుడికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

"మీరు పోయి చూసి రాండ్రి" అంది కరుణ. "ఊకె నవ్వులాటలు ఆడి రాకుండ్రి."

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాణ్ని నేను. హుజూరాబాద్ మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాను. బోటు గురించి నాకు తెలిసింది ఒకటే, అది నీళ్లలో పోతుంది. అయినా కోపానికి చదువు అక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరాను. మా హుజూరాబాద్ నుంచి కాగజ్‌నగర్ పోవాలంటే కరీంనగర్ దాకా వెళ్లనక్కర్లేదు, జమ్మికుంటలో రైలు ఎక్కడమే సుఖం. షేర్ ఆటోలో అరగంట. జనరల్ టికెట్టు ఇద్దరి చాయ్ సమోసా ఖర్చంత కూడా ఉండదు. రైలు మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. ఎనిమిదికి రావలసింది తొమ్మిది దాటాక వచ్చింది. పెద్దపల్లి దాకా నిలబడే ఉన్నాను. రామగుండంలో సగం పెట్టె ఖాళీ అయితే కిటికీ పక్కన సీటు దొరికింది. గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి పైసలు విసిరారు. నేను విసరలేదు. నీళ్ల మీద కూడా కోపంగానే ఉన్నాను.

మంచిర్యాల దాటాక ఎదురు సీటు పెద్దాయన టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె తుంచి ఇచ్చాడు. కాగజ్‌నగర్ మిల్లులో పని చేసి రిటైరైన మనిషి. మాటలో మరాఠీ కలుస్తుంది.

"ఎటు పోతున్నవ్ భావూ?"

చెప్పాను, బోటు చూడటానికని.

"అరే బాప్‌రే, గా బోటా! మా కోడలు వాళ్లు ఎక్కిండ్రు. గీటు ఒక్కసారి, గాటు ఒక్కసారి. డ్రైవర్ తాగుతడట గదా. జర పైలం."

శనివారం పుట్టిన మాట ఆదివారం పదకొండింటికల్లా రైలెక్కి కూర్చుంది, అదీ నాకంటే ముందు సీటు సంపాదించుకుని. నేను వాడి బావనని చెప్పలేదు. చెబితే నన్ను కూడా వాసన చూస్తాడని భయం.

కాగజ్‌నగర్‌లో దిగేసరికి పన్నెండున్నర. స్టేషన్ బయట మెస్సులో పప్పు, పుంటికూర, అన్నం. బాగుంది, ఎవరైనా పోతే అక్కడే తినండి. రిజర్వాయరుకు నేరుగా బస్సు లేదు. షేర్ ఆటో నిండేదాకా ఎండలో కూర్చోవాలి. రెండు దాటాక ఒడ్డుకు చేరాను.

సుధాకర్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే ముందు నోరు తెరిచి 'హా' అని ఊదాడు.

"చూడు బావా, వాసన వస్తుందా?"

"వస్తుంది. ఉల్లిగడ్డ" అన్నాను.

నవ్వలేదు. వాడు నవ్వకపోవడం చూశాక నాకు అసలు కోపం వచ్చింది.

ఇక బోటు సంగతి. నీలం రంగు ఫైబర్ బోటు, పది పన్నెండు మంది పడతారు. మధ్యలో కారు స్టీరింగు లాంటి చక్రం. దాని పక్కన రేసు హ్యాండిల్, ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. మోటారు బోటు లోపల ఉండదు, వెనక పలకకు బయట వేలాడుతుంటుంది. దాని కాలు నీళ్లలో, కాలి చివర పంకా. చక్రం తిప్పితే ఒక లావు కేబుల్ వెనక దాకా పోయి మొత్తం మోటారునే పక్కకు తిప్పుతుంది. కారుకు ముందు చక్రాలు తిరిగితే బండి వాటి వెంట పోతుంది. ఇక్కడ అట్లా కాదు. వెనక తిరుగుతుంది, ముందు భాగం దాని మాట వింటుంది. కుడికి తిప్పితే బోటు తోక ఎడమకు జారి, ముక్కు కుడికి చూస్తుంది. బ్రేకు లేదు. పంకా నీళ్లను తోస్తేనే స్టీరింగుకు విలువ.

"గీ నల్ల టేపు ఏందిరా?" అని అడిగాను. రేసు హ్యాండిల్ మీద బొటనవేలు ఆనే చోట ఒక బటన్ ఉంది. దాని చుట్టూ కరెంటు వైర్లకు చుట్టే టేపు, పుండుకు కట్టు కట్టినట్టు.

"గదే ట్రిమ్ బటన్ బావా. పైకి ఒత్తితే మోటారు కాలు పలక నుంచి దూరం జరుగుతది, బోటు ముక్కు లేస్తది. కిందికి ఒత్తితే కాలు పలకకు దగ్గరికి వస్తది, ముక్కు వంగుతది. పోయిన నెల పటేల్ వియ్యంకుడు ముంగట కూసున్నడు. నేను జర ముక్కు లేపిన. ఆయనకు కడుపుల తిప్పింది. గంతే, పటేల్ వచ్చి మోటారు కాలు పూరాగ కిందికి పెట్టిచ్చి, బటన్‌కు టేపు చుట్టిచ్చిండు. ముట్టొద్దన్నడు."

ఒక మనిషి కడుపు కోసం బోటు గొంతు కట్టేశారు! నేను ఆటోకు గేర్ రాడ్ పీకేసి, మొదటి గేర్‌లోనే కరీంనగర్ పోయి రమ్మంటే ఎట్లా ఉంటుంది?

మూడింటికి పటేల్ కారు దిగాడు. రిజర్వాయరు మీద బోటు తిప్పే వేలం పాట ఆయనదే. తెల్ల బట్టలు, గట్టి గొంతు. వెంట వియ్యంకుడు, వియ్యంకుడి ఇద్దరు తమ్ముళ్లు. నలుగురూ నలుగురే, ఒక్కొక్కరు రెండేసి బస్తాలంత. అవతలి గుట్ట కింద వంటలు పెట్టుకున్నారట. బోటు ముందు భాగంలో ఎర్ర రెక్సిన్ సోఫా, దాని మీద తెల్ల తువ్వాలలు, అచ్చం పెళ్లి మండపమే. వెనక ఉత్త చెక్క బల్లలు. మర్యాద గల వాళ్లకు ముందు సోఫా, మిగతావాళ్లకు వెనక బల్లలు. ఈ పద్ధతి ఎవరూ రాసి పెట్టలేదు, చెప్పనక్కర్లేదు కూడా. బస్సులో, సభలో, పెళ్లి పంక్తిలో ఎట్లనో ఇక్కడా అంతే. నేను అడగకుండానే వెనక, మోటారు పక్కన కూర్చున్నాను.

బోటు కదిలింది. కదిలిన కాసేపటికే ముక్కు నీళ్లలోకి దిగి, దున్నపోతు మడుగులో తల పెట్టినట్టు నీళ్లను తోసుకుంటూ పోవడం మొదలుపెట్టింది. కుడికి లాగుతోంది. సుధాకర్ చక్రం పట్టుకుని ఎడమకు గుంజుతున్నాడు, మెడ నరాలు తేలాయి. గుంజి గుంజి సరి చేస్తే ఒక్కసారిగా ఎడమకు విసిరేస్తుంది. మళ్లీ కుడికి. ముందు నలుగురి బట్టలూ తడిశాయి.

"చూస్తున్నవా బావగారూ?" పటేల్ వియ్యంకుడి వైపు తిరిగి అన్నాడు. "పొద్దుగూకక ముందే ఏసుకొని వచ్చిండు."

నేను నోరు తెరవబోతే సుధాకర్ వెనక్కి తిరిగి కళ్లతోనే వద్దన్నాడు. కరుణకు ఇచ్చిన మాట గుర్తొచ్చి నాలుక కట్టేసుకున్నాను. నా నాలుకకు అది కొత్త.

అవతల నలుగురినీ దింపి, వంట సామాను తేవడానికి మేమిద్దరమే వెనక్కి బయలుదేరాం. నేను బద్ధకంగా అదే వెనక బల్ల మీద కాళ్లు చాపుకున్నాను. సగం దూరం వచ్చాక సుధాకర్ "బావా" అన్నాడు, దయ్యాన్ని చూసినట్టు.

"ఏందిరా?"

"స్టీరింగు ఒక్క చేత్తోని తిరుగుతుంది."

ఇద్దరం ముందున్న ఖాళీ సోఫా వైపు చూశాం. తువ్వాలలు గాలికి ఊగుతున్నాయి. నేను లేచి పోయి అందులో కూర్చున్నాను. స్టీరింగు కొంచెం బరువెక్కింది. మళ్లీ వెనక్కి వచ్చాను. తేలికైంది. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. ఒడ్డున చేపలు పట్టేవాళ్లు చూసి ఉంటే, తాగింది డ్రైవర్ కాదు, ఆయన బావ అని తేల్చేవాళ్లు.

విషయం ఇంతే. మోటారు కాలు పూర్తిగా దగ్గరికి నొక్కి ఉంది, అది ముక్కును వంచుతోంది. వంగిన ముక్కు మీద నాలుగు మర్యాదలు కూర్చున్నాయి. ముక్కు నీళ్లలో దిగబడ్డాక బోటు అక్కడి నుంచే తిరగాలని చూస్తుంది, వెనక మోటారు మాట వినదు. ఇక డ్రైవర్ చక్రంతో కుస్తీ పట్టడమే.

"మరి ఖాళీగున్నా జర కుడికే గుంజుతుంది గదరా?" అన్నాను.

సుధాకర్ తల గోక్కున్నాడు. "కింద చిన్న రెక్క ఉంటది బావా. కుడికి గుంజుతుందని నేనే దాని తోక ఎడమకు తిప్పిన."

ఒడ్డుకు వచ్చి మోటారు పైకి లేపి చూశాం. పంకాకు పైన అరచేతి కంటే చిన్న రెక్క, ఒక బోల్టుతో బిగించి ఉంది. వాడు చేసింది నాకు సబబుగానే తోచింది. కుడికి పోతే ఎడమకు తిప్పాలి, ఎవరైనా అంతే అనుకుంటారు. కానీ తిప్పినప్పటి నుంచి ఎక్కువైందని వాడే అంటున్నాడు. "ఎక్కువైతే ఇటు తిప్పి చూద్దాం, పోయేదేముంది" అని తోకను కుడికి తిప్పి బిగించాం. మళ్లీ ఒక చుట్టు వేశాం. లాగడం దాదాపు పోయింది. ఎందుకో తర్వాత ఇద్దరం కూర్చుని ఆలోచిస్తే అందింది. రెక్క తోక కుడికి ఉంటే వెనక్కి పారే నీళ్లు దానికి తగిలి మోటారు వెనక భాగాన్ని ఎడమకు నెడతాయి, కుడికి పోదామనుకునే మోటారును అట్లా ఆపుతాయి. లాగే వైపే తోక తిప్పాలన్నమాట. ఇద్దరమూ తప్పుగానే అనుకున్నాం, నీళ్లే దిద్దాయి.

అంతా తెలిసింది. సోఫా సంగతి తప్ప. వియ్యంకుణ్ణి వెనక బల్ల మీద కూర్చోమని ఎవరు చెప్పాలి?

"నేను చెప్పిన బావా, నెల కిందనే. ముంగట బరువైతుంది పటేలా అన్న. మా చుట్టాలు నీకు బరువైండ్రా అన్నడు."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి పరీక్ష. పటేల్, వియ్యంకుడు, తమ్ముళ్లు, ఈసారి పటేల్ తల్లి కూడా. ఎనభై దగ్గర పడ్డ మనిషి, చేతిలో తమలపాకుల సంచి. ఆమెను కూడా సోఫాలోనే ఇరికించారు. వెనక నేను, వంటాయన, కారు డ్రైవరు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. పటేల్‌కు గుండీ పట్టలేదు.

ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక బోటు మళ్లీ ముక్కు దించింది. సుధాకర్ రేసు తగ్గించాడు. ఇంజను ఆపేశాడు.

"ఏంరా, బంద్ చేసినవ్?"

"పటేలా, ముంగట గిందరు కూసుంటే స్టీరింగు నా మాట వినది. సగం మంది ఎనుకకు రావాలె. రాకుంటె నేను ఇంజన్ మల్ల స్టార్ట్ చెయ్య. పని తీసేస్తే తీసెయ్యుండ్రి."

రెండు చేతులూ చక్రం మీంచి తీసేశాడు.

"ఎవరు రావాలె ఎనుకకు?" వియ్యంకుడు మెల్లగా అడిగాడు. "నేనా?"

పటేల్ ముఖం ఎర్రబడింది. పిల్లనిచ్చిన ఇంటి పెద్దమనిషిని వంటాయన పక్కన కూర్చోమంటే సంబంధం ఏమైపోవాలి? ఎవరూ కదల్లేదు. గాలి మాత్రం కదిలింది. ఇంజను లేని బోటును తనకు తోచినట్టు తిప్పసాగింది. పటేల్ లేచి తనే చక్రం పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. జాతరలో పిల్లల కారుకు ఉండే చక్రమే నయం. పంకా తిరగనిదే ఎంత పెద్దమనిషి తిప్పినా బోటుకు పట్టదు. ఎండ ఎక్కుతోంది. నలుగురూ నీళ్ల వైపు చూస్తూ మర్యాదగా చెమటలు కక్కారు. ఇంత బతుకు బతికి, ఒక జానెడు బల్ల దగ్గర ఆగిపోయిన మనుషుల్ని చూస్తే నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

చివరికి ముసలవ్వ లేచింది.

"నేను ఎనుకకు పోత. గీడ ఎండ కొడుతుంది. మీ ఇజ్జత్ మీరు గీడనే ఆరబెట్టుకోండ్రి."

వంటాయన చెయ్యి అందించాడు. అవ్వ వచ్చి నా పక్కన కూర్చుని, సంచి విప్పి సున్నం రాసుకుంది. అంతే! ఇంటికి పెద్ద వెనక కూర్చున్నాక వెనకే పెద్దరికం అయింది. ముందు వియ్యంకుడు లేచాడు. ఆయన వెంట తమ్ముళ్లు, వాళ్ల వెంట పటేల్. అందరూ వెనక్కి తోసుకు వచ్చేసరికి బోటు ముక్కు ఆకాశం వైపు లేచి, వెనక పలక అంచుకు నీళ్లు అందేటట్టు దిగింది.

"అయ్యో, అందరు కాదు!" సుధాకర్ అరిచాడు. "ఇద్దరు మల్ల ముంగటికి పోవాలె!"

ఇప్పుడు ముందుకు ఎవరూ పోరు! ఇంతసేపు సోఫా విడవని మనుషులు అవ్వ పక్క విడవరట. ఆఖరుకు నన్నూ, వంటాయననూ, కారు డ్రైవరునూ ముందుకు తరిమారు. తెల్ల తువ్వాలల మీద కూర్చున్నాం. వంటాయన కాలు మీద కాలు వేశాడు.

సుధాకర్ హ్యాండిల్ మీది టేపు పీకేశాడు.

"గది ముట్టొద్దన్న గదా!"

"ముట్టకుంటె వంకర, ముడితె చక్కగ. ఏది గావాలె పటేలా?"

ఇంజను మొదలైంది. మొదట మోటారు కాలు దగ్గరగానే ఉంచాడు, లేకుంటే బయలుదేరేటప్పుడు ముక్కు మరీ లేస్తుంది. వేగం వచ్చి బోటు నీళ్ల మీద తేలాక బొటనవేలితో కొంచెం కొంచెం పైకి ఒత్తాడు. మోటారు చప్పుడు మారింది, మూలుగు పోయి పాట అయింది. ఇంకొంచెం ఒత్తితే ముక్కు గుర్రంలా ఎగిరెగిరి పడబోయింది. ఇంకా పోతే పంకా గాలి మింగి ఉత్తగనే అరుస్తుందని వాడు ముందే చెప్పాడు. వెంటనే కాస్త దించాడు. అక్కడ కుదిరింది. ఒక్క చెయ్యి చక్రం మీద, చుట్టం భుజం మీద వేసినట్టు. వెనక్కి చూస్తే నురుగు గీత మంచి రైతు తీసిన సాలులా తిన్నగా ఉంది. గుట్ట చుట్టూ తిరిగి ఒడ్డుకు చేరేదాకా ఎక్కడా వంకర లేదు.

ఒడ్డున నిలబడ్డ జనంతో పటేల్ గట్టిగా అన్నాడు: "చూసిండ్రా? నేను తిట్టినంక ఎంత చక్కగ నడుపుతుండో!"

పని నిలబడింది. నేను ఆగలేక దగ్గరికి పోయి, "పటేలా, తాగిండు అన్న మాట సంగతి?" అన్నాను.

"అరే, నవ్వులాటకు అన్ననయ్యా" అని భుజం తట్టి కారెక్కాడు.

నవ్వులాట నా పని. నాకు తెలియదా నవ్వులాట అంటే ఏమిటో! అందరి ముందు అన్న మాటను కారు తలుపు చాటున తుడిచేస్తే తుడుచుకుపోతుందా? సుధాకర్ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "పోనీ బావా. పని ఉంది గదా" అన్నాడు. వాడి ముఖంలో నెమ్మది చూసి ఊరుకున్నాను.

కాగజ్‌నగర్ చేరేసరికి రైలు పోయింది. మంచిర్యాల దాకా బస్సు, అక్కడ కరీంనగర్ బస్సు మారాను. ఇది లక్సెట్టిపేట, ధర్మపురి, జగిత్యాల మీదుగా పోతుంది. రైలు కంటే ఆలస్యం, నడుముకు శిక్ష. తప్పనిసరైతేనే ఎక్కండి. లక్సెట్టిపేట దాటాక కరుణ ఫోన్.

"పని నిలవడ్డదా?"

"నిలవడ్డది. రెక్క తిప్పినం, టేపు పీకినం, చక్కగ..."

"రెక్క సంగతి తర్వాత. ఆ మాట ఎనుకకు తీసుకున్నడా?"

నేను బస్సు చప్పుడు ఎక్కువగా ఉందన్నట్టు "హలో, హలో" అన్నాను.

"ఇనవడుతుంది మీకు" అంది. "ఆయన తీసుకోకుంటె మీరు చెప్పుండ్రి. కనవడ్డ ప్రతి మనిషికి చెప్పుండ్రి."

ధర్మపురిలో ఒకాయన ప్రసాదం సంచితో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. దర్శనం చేసుకుని వస్తున్నాడు, జగిత్యాలలో దిగాలట. ఎక్కడ నుంచి రాక అని అడిగాడు. పాపం, అడగకుండా ఉండవలసింది.

నీళ్ల సీసాను బోటు చేశాను, నా సెల్‌ఫోన్‌ను మోటారు. పటేల్ సుధాకర్‌ను ఎట్లా తాగుబోతును చేశాడో, చక్రం తిప్పితే తోక ఎట్లా జారుతుందో, కాలు దగ్గరికి నొక్కితే ముక్కు ఎట్లా వంగుతుందో, ముక్కు మీద వియ్యంకుడు కూర్చుంటే ఏమవుతుందో, చిన్న రెక్కను ఎటు తిప్పాలో, బటన్‌కు టేపు చుట్టడం ఎంత అన్యాయమో, అవ్వ ఎట్లా లేచిందో అంతా చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. సీసా పట్టుకుని తనే ఒకసారి వంచి చూశాడు. "సమజైంది, సమజైంది" అని తల ఊపాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క మనిషి దగ్గరైనా వాడి పేరు కడిగాననుకున్నాను.

ఆయన ప్రసాదం చిన్న ముద్ద చేసి నా చేతిలో పెట్టి అన్నాడు:

"గదంత మంచిగనే ఉంది తమ్మీ. గనీ ఏమన్నా అను, తాగి బోటు నడుపుడు మాత్రం తప్పు."

ముద్ద నోట్లో వేసుకున్నాను, నమిలాను, మింగాను. జగిత్యాల ఇంకా రాలేదు. సీసా మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.